చోటును బట్టే గొంతు

వరి రైతుకు సుడిదోమ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీల్చే ఈ గోధుమ రంగు పురుగు పట్టిందంటే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆడదోమ పొట్టను కిందికీ పైకీ ఊపుతూ వరి కాడను వణికిస్తుంది. ఆ వణుకు కాడ వెంట పాకుతుంది. అదే దుబ్బు మీద ఇంకెక్కడో ఉన్న మగదోమ దాన్ని కాళ్లతో పసిగట్టి, తనూ వణికి బదులిచ్చి, వెతుక్కుంటూ బయల్దేరుతుంది. జపాన్ పరిశోధకులు 1970ల్లోనే ఈ పిలుపులను రికార్డు చేశారు. గట్టు మీద నిలబడ్డ మనిషికి మాత్రం చేను నిశ్శబ్దంగానే ఉంటుంది.

ఇంత అవస్థ ఎందుకు, కీచురాయిలా గాలిలోకి అరవొచ్చు కదా అంటే, కుదరదు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. సెకనుకు 200 సార్లు కంపించే శబ్దానికి, అంటే 200 హెర్ట్జ్ శబ్దానికి, గాలిలో ఒక్కో అల పొడవు 1.7 మీటర్లు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు ఎంత ఊగినా ఆ గాలి దాని పక్కల నుంచి తప్పుకుంటుందే తప్ప చెప్పుకోదగ్గ అల లేవదు. వరి కాడ అలా తప్పుకోదు, పట్టుకుని ఊపితే ఊగుతుంది. గాలిలో పాడే కీటకాల కంటే ఇలా కాడల్లో, ఆకుల్లో వణుకు పంపుకునే కీటకాలే చాలా ఎక్కువ. శబ్దం అంటే గాలిలో వచ్చేదే అనుకోవడం మన చెవుల అలవాటు, అంతే.

ఈ తెలివిని మనిషి అప్పుడే వాడుకోవడం మొదలుపెట్టాడు. ఇటలీ ద్రాక్ష తోటల్లో తెగులు మోసే ఒక దీపపు పురుగు జాతి ఉంది. అదీ తీగ మీద వణుకుతూనే జోడీని వెతుక్కుంటుంది. అక్కడి పరిశోధకులు పందిరి కమ్మీలకు కంపనాలిచ్చే పరికరాలు బిగించి, ఆ పిలుపులు ఒకదానికొకటి అందకుండా చేసి, జత కట్టడాన్ని బాగా తగ్గించగలిగారు. వరి చేలో కమ్మీల పందిరి ఉండదు కాబట్టి ఆ పద్ధతి మనకు ఉన్నదున్నట్టుగా పనికిరాదు. అయినా మందు డబ్బా పట్టకుండా పురుగును అడ్డుకునే దారి అంటూ ఒకటుందని తెలిసింది కదా.

జంతువుల శబ్దాల మీద రాసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘అది ఏమంటోంది?’ అని. పిల్లి మాటల్ని మనిషి మాటల్లోకి మార్చిపెడతామనే యాప్‌లు కూడా వచ్చాయి, వాటి జోలికి నేను పోను. నా లెక్కలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ శబ్దం ఆ చోటు నుంచి బయటపడి అవతలి చెవికి ఎలా చేరుతోంది? జంతువు ఎందుకు అలాగే అరుస్తుందో చెప్పడానికి దాని గొంతును కోసి చూస్తే సరిపోదు. అది బతికే గాలి, నీరు, నేల, చెట్టు, పక్కన కూర్చున్న శత్రువు, ఇవన్నీ కలిసి ఆ గొంతును చెక్కుతాయి.

చిన్న ఒళ్లు పెట్టే ఇబ్బందికి బెంగళూరు దగ్గర పొదల్లో ఉండే ఒక కీచురాయి మరో ఉపాయం కనిపెట్టింది. దాని శాస్త్రీయ నామం ఈకాంథస్ హెన్రీ. పొదల ఆకుల మీద బతికే సన్నటి పురుగు. మగది రెక్కలు ఒకదాని మీద ఒకటి రాసి, సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర పాడుతుంది. ఆ అల పొడవు 11 సెంటీమీటర్లకు పైనే, రెక్కలేమో అందులో పదో వంతు. అప్పుడేమవుతుందంటే, రెక్క ముందు వైపు గాలిని నెడుతున్న క్షణంలోనే వెనక వైపు లాగుతుంది. రెండూ అంచుల దగ్గర కలిసి చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. డబ్బాలోంచి పీకేసిన స్పీకర్‌ను వట్టిగా మోగిస్తే పీలగా వినపడేది ఇందుకే. ఈ కీచురాళ్లలో కొన్ని ఏం చేస్తాయంటే, పెద్ద ఆకు ఎంచుకుని, మధ్యలో రెక్కలకు సరిపడా రంధ్రం కొరికి, అందులోంచి తల, భుజాలు బయటపెట్టి, రెక్కలను ఆకుకు ఆనించి పాడతాయి. ఇప్పుడు ముందు గాలి, వెనక గాలి కలవకుండా ఆకు అడ్డం ఉంది. శబ్దం పెరుగుతుంది.

భారతీయ విజ్ఞాన సంస్థలో రోహిణి బాలకృష్ణన్ బృందం దీన్ని ఏళ్ల తరబడి గమనించింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రంధ్రం కొరకడం కాదు, ఎవరు కొరుకుతారన్నది. 2020లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ పని ఎక్కువగా చేసేవి చిన్న సైజు మగవి, సహజంగా పాట పీలగా ఉండేవి. ఆకు సాయంతో అవి పెద్ద మగవాటంత గట్టిగా పాడగలుగుతాయి, ఆడవాటిని రప్పించుకోగలుగుతాయి. ఇది ఒక రకంగా మోసమే. కానీ ఆడది వింటున్నది పాటనే, పాడేవాడి కొలతలు కాదు. ఇంకో సంగతి. కీచురాళ్ల పాట వేగం వాతావరణాన్ని బట్టి మారుతుంది: ఎండ పెరిగితే వేగంగా, చల్లబడితే నెమ్మదిగా. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎమోస్ డాల్బేర్ 1897లోనే వాటి అరుపులు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం ఇచ్చాడు.

ఇక ఒళ్లు, గొంతు సరిపడా ఉన్న పక్షుల సంగతి. వాటికీ చిక్కులు తప్పవు. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ, ఏ అడ్డూ లేకపోయినా, శబ్దం 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో కొలిచే ప్రమాణం) పడిపోతుంది. దాని మీద గాలి హెచ్చు ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా మింగేస్తుంది. అడవిలో ఆకులూ మానులూ శబ్దాన్ని చెదరగొట్టి ప్రతిధ్వనులుగా మారుస్తాయి. వెంటవెంటనే వచ్చే స్వరాలు ఆ ప్రతిధ్వనుల్లో ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. బయలు ప్రదేశంలో ప్రతిధ్వని బాధ ఉండదు. అక్కడ గాలి విసుర్లు శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తుంచేస్తాయి.

యూజీన్ మోర్టన్ అనే పరిశోధకుడు పనామాలో అడవి పక్షుల పాటలనూ గడ్డి మైదానాల పక్షుల పాటలనూ పోల్చి 1975లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. చిట్టడవిలో కింది మట్టంలో తిరిగే పక్షులు 1,500 నుంచి 2,500 హెర్ట్జ్ మధ్య, ఈలలాంటి శుద్ధ స్వరాలు ఎక్కువగా వాడుతున్నాయి. బయల్లో తిరిగేవి వేగంగా గలగలమనే స్వరాలు వాడుతున్నాయి. గాలి కొన్ని తుంచేసినా మిగతావి చేరతాయి కదా. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇంత శుభ్రంగా రాలేదు, మినహాయింపులు చాలానే ఉన్నాయి. అయినా దీన్ని మనసులో పెట్టుకుని ఈసారి కోకిలను వినండి. మామిడి కొమ్మల గుబుర్లలో దాక్కుని పాడేది మగ కోకిల. సాగదీసిన ఒక్కటే ‘కూ’, ఆపి మళ్లీ ఇంకాస్త హెచ్చు స్థాయిలో ‘కూ’. ఆకుల్లోంచి దూరం పోవడానికి ఇంతకంటే అనువైన స్వరం దొరకడం కష్టం. ఒంటి మీద తెల్ల చుక్కలుండే ఆడ కోకిల ‘కిక్ కిక్’మంటూ వేరేగా అరుస్తుంది. మన కవిత్వం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పగటికీ రాత్రికీ కూడా శబ్దం నడకలో తేడా ఉంది. మధ్యాహ్నం నేల కాగి, నేల దగ్గరి గాలి వేడిగా, పైది చల్లగా ఉంటుంది. శబ్దం వేడి గాలిలో వేగంగా వెళ్తుంది కాబట్టి దాని దారి పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. పొద్దు గుంకాక నేల చల్లబడితే ఇది తిరగబడుతుంది. పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి నేల వెంట సాగుతుంది. ఈ చిన్న మార్పు అందరికంటే ఎక్కువగా కలిసొచ్చేది బహుశా ఏనుగులకే.

1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో ఆసియా ఏనుగులను చూస్తూ కొన్ని రోజులు గడిపారు. అంతకుముందు ఆమె పనంతా తిమింగలాల పాటల మీద. ఏనుగుల దగ్గర చెవికి ఏమీ వినపడకపోయినా గాలి అదురుతున్నట్టు ఆమెకు అనిపించింది. చిన్నప్పుడు చర్చి ఆర్గన్‌లో అతి మంద్ర స్వరాలు మోగినప్పుడు ఒంటికి తగిలిన అదురు గుర్తొచ్చింది. తగిన పరికరాలతో రికార్డు చేసి చూస్తే నిజంగానే శబ్దాలున్నాయి, 14 నుంచి 24 హెర్ట్జ్ మధ్య. మనిషి చెవికి మామూలుగా 20 హెర్ట్జ్ కింద వినపడదు. అలాగని అవి పీల గొంతుతో చేసే శబ్దాలు కావు. ఆఫ్రికా ఏనుగుల దగ్గర కొలిస్తే ఐదు మీటర్ల దూరంలో 103 డెసిబెల్స్ దాకా ఉన్నాయి. మన పక్కనే అంత గట్టిగా ఒకరు పిలుస్తున్నా మనకు తెలియదన్నమాట.

మంద్ర శబ్దం దూరం పోతుంది, ఎందుకంటే దాన్ని గాలి పెద్దగా మింగదు, అంత పొడవైన అలకు చెట్లు అడ్డు కావు. నమీబియాలోని ఎటోషాలో రికార్డు చేసిన పిలుపులు వినిపిస్తే రెండు కిలోమీటర్ల దూరంలోని ఏనుగులు తల తిప్పి, చెవులు విప్పి, అటువైపు నడిచాయి. స్పీకర్లు అసలు ఏనుగు గొంతులో సగం బలంతోనే మోగాయి కాబట్టి నిజం పిలుపు ఇంకా దూరం పోతుంది. ఆ తర్వాత వాతావరణ లెక్కలు చేసినవాళ్లు, సాయంత్రం నేల చల్లబడి గాలి నిలిచిపోయిన వేళల్లో ఆ దూరం పది కిలోమీటర్లకు చేరగలదని తేల్చారు. అంటే ఒక్క ఏనుగు గొంతు 300 చదరపు కిలోమీటర్లకు వినపడొచ్చు. మధ్యాహ్నం అదే గొంతుకు అందులో పదో వంతు కూడా అందకపోవచ్చు. విడివిడిగా మేస్తున్న గుంపులు ముందే అనుకున్నట్టు ఒకే వైపు కదలడం, అన్నీ ఒకేసారి ఆగిపోవడం చూసి ఆశ్చర్యపోయిన వాళ్లకు దీంతో కొంత సమాధానం దొరికింది. ఈ శబ్దాలు నేలలోనూ వెళ్తాయనీ, ఏనుగులు వాటిని పాదాలతో పసిగట్టగలవనీ కైట్లిన్ ఓ’కానెల్ పరిశోధనలు చూపించాయి.

చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల చుట్టుపక్కల ఊళ్లకు ఏనుగులు కొత్త కావు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. పలమనేరు, కుప్పం రైతుకు ఏనుగు గొంతు అంటే రాత్రిపూట గుండె ఝల్లుమనిపించే ఘీంకారం. నిజానికి అది కోపంలోనో భయంలోనో వచ్చేది. గుంపు తనలో తాను నడిపే సంభాషణ ఎక్కువ భాగం మన చెవికి అందని గుర్రులోనే సాగుతుంది. కెన్యాలో పరిశోధకురాలు లూసీ కింగ్ చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. తేనెటీగల ఝుంకారం వినిపిస్తే ఏనుగులు వెనక్కి తగ్గడమే కాకుండా ఒక ప్రత్యేకమైన గుర్రు శబ్దం చేస్తాయి. ఆ గుర్రును మాత్రమే రికార్డు చేసి ఇంకో గుంపుకు వినిపిస్తే, ఈగలు లేకుండానే అవీ తల విదిలించి దూరం జరిగాయి. దాని మీద పుట్టిందే తేనెపెట్టెల కంచె. మన పక్కనే కొడగులో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021లో దీన్ని మొదలుపెట్టింది.

నీటి కింద లెక్కలన్నీ మారిపోతాయి. శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా, చాలా తక్కువ నష్టంతో వెళ్తుంది. వెలుతురు మాత్రం కొన్ని వందల మీటర్లకే అయిపోతుంది. అందుకే సముద్రంలో కన్నుకంటే చెవి గొప్ప. కోనసీమ, ఉప్పాడ తీరాల్లో పెద్ద కచ్చిడి చేప పడితే పేపర్లో వార్త అవుతుంది, వేలంలో లక్షల దాకా పలుకుతుంది. ఆ ధర మాంసానిది కాదు, ఎక్కువగా దాని పొట్టలోని గాలితిత్తిది. కచ్చిడి గొరక కుటుంబపు చేప. ఈ కుటుంబంలో చేపలు గాలితిత్తి పక్కన ఉండే ప్రత్యేక కండరాలను వేగంగా బిగించి వదులుతూ డోలు మోగించినట్టు శబ్దం చేస్తాయి, ముఖ్యంగా గుడ్లు పెట్టే కాలంలో. మనం లక్షలు పోసి కొంటున్నది ఆ చేప వాయిద్యాన్నే. మెక్సికో దగ్గర ఇదే కుటుంబానికి చెందిన ఒక చేప లక్షల సంఖ్యలో ఒకచోట చేరి గుడ్లు పెట్టేటప్పుడు వచ్చే మోతను 2017లో కొలిచారు. పక్కన ఉన్న సముద్ర క్షీరదాల వినికిడికే ఇబ్బంది కలిగించేంత గట్టిగా ఉంది.

తిమింగలాల గురించి నెట్‌లో తిరిగే కథల్లో కొంచెం మసాలా ఎక్కువ. సముద్రంలో సుమారు కిలోమీటరు లోతున శబ్దానికి ఒక సహజమైన కాలువ ఉన్న మాట నిజం. పైన వెచ్చదనం వల్ల, అడుగున ఒత్తిడి వల్ల శబ్దం వేగంగా వెళ్తుంది, మధ్యలో ఒక పొరలో వేగం అన్నిటికంటే తక్కువ. ఆ పొరలో పడ్డ శబ్దం పైకీ కిందికీ పోలేక మళ్లీ మళ్లీ లోపలికే వంగుతూ వేల కిలోమీటర్లు సాగుతుంది. దాంతో తిమింగలం అక్కడికి దిగి పాడుతుందని రాసేస్తారు. దిగదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనం బలీన్ తిమింగలాల (పళ్లకు బదులు నోట్లో జల్లెడలాంటి పలకలుండే రకం) గొంతు నిర్మాణాన్ని పరీక్షించి, అవి సుమారు 100 మీటర్లకు మించిన లోతులో శబ్దం చేయలేవనీ, 300 హెర్ట్జ్ దాటడం కూడా కష్టమనీ చెప్పింది. నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం పిలుపులు 20 హెర్ట్జ్ దగ్గర ఉండటం వల్లే పైపొరల నుంచి కూడా వందల కిలోమీటర్లు వినపడతాయి. ఆ 300 హెర్ట్జ్ హద్దును కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంతదాకా పిలిచేవారూ వినేవారూ ఒకే జాతి అన్నట్టు మాట్లాడుకున్నాం. అసలు చిక్కు ఇక్కడుంది: గట్టిగా పిలిస్తే పిలవనివాళ్లు కూడా వస్తారు. పనామా చెరువుల్లో టుంగారా అనే చిన్న కప్ప ఉంది. మగది ముందు సన్నగా మూలిగి, చివర్లో ‘చక్’ అని ఒకటో రెండో చేరుస్తుంది. ‘చక్’లు ఉన్న పాటంటే ఆడకప్పలకు ఇష్టం. కప్పల్ని తినే ఒక గబ్బిలానికీ అదే ఇష్టం అని 1980ల మొదట్లో తేలింది. గబ్బిలం నీడ పడితే కప్ప నోరు మూస్తుంది. కానీ పాడేటప్పుడు దాని గొంతు సంచి నీటిలో లేపిన అలలు ఇంకొన్ని క్షణాలు కదులుతూనే ఉంటాయి, గబ్బిలం వాటినీ పట్టేస్తుంది. హవాయిలోని కవాయి దీవిలో ఇంకా కఠినమైన కథ జరిగింది. అక్కడ ఒక రకం ఈగ మగ కీచురాయి పాట విని వచ్చి దాని మీద పిల్లపురుగులను వదులుతుంది. అవి దాన్ని లోపలి నుంచి తినేస్తాయి. ఇరవై తరాలు తిరక్కముందే అక్కడి మగ కీచురాళ్లలో ఎక్కువ భాగం రెక్కల నిర్మాణమే మారి మూగవైపోయాయి. మరి ఆడవి ఎలా దొరుకుతాయి? ఇంకా పాడుతున్న కొద్దిపాటి మగవాటి చుట్టూ ఈ మూగవి కాచుకుని కూర్చుంటాయి.

ప్రమాదం చెప్పే అరుపుల్లోనూ ఇదే లెక్క. డేగ పైన తిరుగుతుంటే చిన్న పక్షులు సన్నగా, హెచ్చు స్థాయిలో, మెల్లగా మొదలై మెల్లగా ఆగే శబ్దం చేస్తాయి. ఎక్కడి నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. చెట్టు మీద పామో గుడ్లగూబో కనపడితే మాత్రం గరగరమనే తెగిన అరుపులు, ఎక్కడుందో ఊరందరికీ తెలిసేలా. పరిశోధకుడు పీటర్ మార్లర్ 1955లో ఈ తేడాను విడమరిచి చెప్పాడు. పెరట్లో పిల్లి దూరితే గోరింకలు చేసే రభస ఈ రెండో రకం. నల్లమలలో కొండముచ్చు చెట్టు మీద నుంచి, చుక్కల దుప్పి కింద నుంచి పులిని చూసి అరిస్తే ఒకదాని హెచ్చరికను ఇంకొకటి వాడుకుంటుంది. పులి జాడ వెతికే అటవీ సిబ్బందికీ మొదటి ఆధారం అదే.

రొద అనేది మనిషి తెచ్చిందే కాదు. చైనాలో హువాంగ్‌షాన్ వాగుల పక్కన ఉండే ఒక కప్ప, నీటి హోరును తప్పించుకోవడానికి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దాలు చేస్తుందని, వింటుందని 2006లో రుజువైంది. మన పడమటి కనుమల వాగుల్లో కొన్ని కప్పలు అరుపుతో పాటు కంటికి కనపడేలా వెనక కాలు చాచి ఊపుతాయి. ప్రతి జాతీ తనకంటూ ఒక ఫ్రీక్వెన్సీ, ఒక సమయం పంచుకుని అడవిలో సామరస్యంగా పాడుకుంటుందనే ఒక సిద్ధాంతం బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ నాకు అది అతిగా సర్దినట్టనిపిస్తుంది. అమెజాన్ పక్షుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో కలిసి పాడే జాతుల పాటలు వేరువేరుగా ఉండాల్సింది పోయి, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

మనిషి రొదతో వచ్చిన తేడా దాని వేగం. రద్దీ బస్టాండులో ఫోన్ మాట్లాడేవాళ్లు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లో దీన్ని గుర్తించాడు. బెర్లిన్ నైటింగేల్ పిట్టలూ అంతే, ట్రాఫిక్ ఉన్న చోట గట్టిగా పాడతాయి, సెలవు రోజుల కంటే పని రోజుల్లో ఇంకా గట్టిగా. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మోతగా ఉండే వీధుల్లోని గ్రేట్ టిట్ పక్షులు పాటలో కింది స్వరాలు వదిలేసి పైకి జరిగాయి, ఎందుకంటే ఇంజన్ల రొదంతా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో పిచ్చుకల పాట మెత్తబడింది, అయినా అది చేరే దూరం రెట్టింపయింది.

పక్షి స్వరం మార్చుకోగలదు, ఇంకో చెట్టుకు ఎగరగలదు. తిమింగలానికి ఆ వెసులుబాటు తక్కువ. ఓడల మోత ముఖ్యంగా 30 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, సరిగ్గా దాని గొంతుకు వీలైన చోటే. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కెనడాలోని బే ఆఫ్ ఫండీలో ఓడల రాకపోకలు తగ్గినప్పుడు నీటిలో మోత 6 డెసిబెల్స్ పడిపోయింది. ఆ రోజుల్లో సేకరించిన రైట్ వేల్ అనే రకం తిమింగలాల పేడలో టెన్షన్‌కు గుర్తైన హార్మోన్లు కూడా తగ్గాయి. ఈ మోతలో పెద్ద వంతు ప్రొపెల్లర్ చుట్టూ పుట్టి పేలే బుడగలది. ఓడ నెమ్మదిస్తే బుడగలు తగ్గుతాయి, ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. కెనడాలోని వాంకూవర్ రేవు 2017 నుంచి కిల్లర్ వేల్స్ తిరిగే హారో జలసంధిలో ఓడలను స్వచ్ఛందంగా వేగం తగ్గించమని అడుగుతోంది. ఎక్కువ ఓడలు తగ్గిస్తున్నాయి కూడా.